వేటకాలాన్ని నిర్ణయించేది నీటిమట్టమే
కృష్ణా జలాశయాల్లో చేపల రాబడి, నిబంధనలు: ఒక సమీక్ష

తెలంగాణలో మృగశిర కార్తె ప్రవేశించే రోజున, అంటే జూన్ 7న గానీ 8న గానీ, చేప వండని ఇల్లు తక్కువ. ఆ రోజు హైదరాబాద్ రాంనగర్, ముషీరాబాద్ మార్కెట్లలో నిలబడటానికి చోటుండదు. వ్యాపారి చెప్పిందే ధర. సరిగ్గా ఆ రోజుల్లోనే నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలంలోనూ నీళ్లు ఏడాది మొత్తంలో అడుగుకు చేరి ఉంటాయి. ఉన్న చేపంతా మిగిలిన మడుగుల్లోకి చేరుతుంది కాబట్టి వల వేస్తే పడుతుంది. పడేవాటిలో చాలా వరకు కడుపునిండా జనతో కొత్తనీటి కోసం కాచుకున్న తల్లిచేపలే. వేట నిషేధం మాత్రం ఇంకో మూడు వారాలకు గానీ మొదలుకాదు. గిరాకీ, దొరుకుబాటు, చేప గుడ్లకొచ్చే కాలం మూడూ జూన్‌లోనే కలుస్తాయి. జలాశయాల్లో చేపల వేటకు సంబంధించిన చిక్కులన్నీ ఆ కలయిక చుట్టూనే ఉన్నాయి.

ఎప్పుడు వేటాడాలి, ఏ వలతో, ఎవరి అనుమతితో, ఎంత సైజు చేపను అన్న నాలుగు ప్రశ్నలకు మన దగ్గర జవాబులు లేకపోలేదు. జీవోలున్నాయి, లైసెన్సులున్నాయి, శాస్త్రజ్ఞుల నివేదికలున్నాయి. అయితే ఆ జవాబుల్లో ఎక్కువ భాగం క్యాలెండర్‌ను చూసి రాసినవి. చేప బతికేది నీటిమట్టాన్ని బట్టి. ఈ రెంటికీ పొత్తు కుదరకపోవడమే అసలు లోపమన్నది ఈ సమీక్ష సారాంశం.

ఒకే పేరు, రెండు వేటలు

మన దేశపు జలాశయాల చేపల సంపద మీద వి.వి. సుగుణన్ రాసిన సమగ్ర నివేదికను ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1995లో ప్రచురించింది. ఇప్పటికీ అందరూ దాన్నే ఆధారంగా తీసుకుంటారు. వెయ్యి హెక్టార్ల లోపు ఉన్నవి చిన్న జలాశయాలు, 5,000 దాకా మధ్యస్థం, అంతకు మించితే పెద్దవి అన్న విభజన అందులోదే. చిన్నవాటిలో హెక్టారుకు సగటున 50 కిలోల చేప దొరుకుతుంటే పెద్దవాటిలో 11 కిలోలకు కాస్త అటూఇటూగానే ఉందని ఆయన లెక్కతేల్చారు. నీళ్లు ఎక్కువున్నచోట చేప తక్కువ పండటం వింతగా అనిపిస్తుంది గానీ కారణం సులభమే. చిన్న చెరువు లోతు తక్కువ. ఎండ అడుగుదాకా తగులుతుంది, నాచూ సూక్ష్మజీవులూ బాగా పెరుగుతాయి. వానాకాలంలో పిల్లల్ని వదిలి, వేసవిలో నీరు తగ్గాక దాదాపు అంతా పట్టేయవచ్చు. అది నీళ్లలో చేసే సేద్యం. పెద్ద జలాశయంలో లోతు ఎక్కువ. మునిగిపోయిన చెట్లు, బండలు వలల్ని చింపుతాయి. వదిలిన పిల్లల్లో ఏది ఎటు పోయిందో తెలియదు. అక్కడ జరిగేది వేట.

ఈ తేడాను పట్టించుకోకుండా రెంటికీ ఒకే పథకం, ఒకే నిషేధం, ఒకే లక్ష్యం పెట్టడం మనకు అలవాటైపోయింది. ఊరి చెరువులో చేపలు సొసైటీ పెంచుకున్నవే కాబట్టి అక్కడ నిషేధంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. సహజంగా పుట్టే చేప మీద ఆధారపడిన శ్రీశైలంలో నిషేధమే ప్రాణాధారం.

శ్రీశైలం, సాగర్ కూడా ఒకదానితో ఒకటి పోలవు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, నిల్వ సుమారు 312 టీఎంసీలు. కాలువలకు నీరివ్వడానికి కనీస మట్టంగా చెప్పుకునే 510 అడుగుల దగ్గర కూడా 131 టీఎంసీలు మిగులుతాయి. అంటే ఎంత కరువొచ్చినా చేప తలదాచుకోవడానికి లోతైన నీరుంటుంది. శ్రీశైలంలో 885 అడుగుల వద్ద సుమారు 215 టీఎంసీలుంటే, 834 అడుగులకు వచ్చేసరికి 54 టీఎంసీలే. కొన్నేళ్లు అంతకన్నా కిందికీ పోతుంది. పైగా దాని ఎగువ భాగం విశాలంగా, పలచగా పరుచుకున్న నీరు. వేసవిలో అది వెనక్కి తగ్గితే వేల ఎకరాల నేల బయటపడుతుంది. సంగమేశ్వర ఆలయం తేలేది అప్పుడే. ఆలయం బయటపడిందంటే చేపలకు ఉన్న చోటు ఇరుకైపోయిందని అర్థం. రెండు డ్యాముల్లోనూ పూడిక చేరి, కట్టినప్పటి నిల్వలో సాగర్‌లో దాదాపు నాలుగో వంతు, శ్రీశైలంలో అంతకు మించి పోవడం ఈ ఇరుకును ఇంకా పెంచింది.

ఏడాది చక్రం

జులైలో ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల దాటి ఎర్రనీరు దిగడంతో చేపకు కొత్త ఏడాది మొదలవుతుంది. బొచ్చె, రోహు, మ్రిగాల వంటి గంగజాతి చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. పారే నీరు, వరద పోటు, ఒడ్డున కొత్తగా మునిగిన గడ్డి, 24 నుంచి 31 డిగ్రీల వేడి కావాలి. ప్రవాహానికి ఎదురీది గుడ్లు వదిలితే అవి ఒక రోజు తిరగకముందే పొదుగుతాయి. ఇక్కడ శ్రీశైలానికి ఒక అనుకూలత ఉంది. దాని ఎగువన జూరాల వరకు కృష్ణ, మరోవైపు తుంగభద్ర పారుతున్నాయి; తల్లిచేప ఎక్కిపోవడానికి నది ఉంది. సాగర్ వెనుక నీరు మాత్రం దాదాపు శ్రీశైలం డ్యాము పాదాల దాకా నిలిచి ఉంటుంది. ఎదురీదడానికి నది పొడవు లేదు. డిండి వంటి పక్కవాగులు పారితేనో, ఎగువ గేట్లు ఎత్తితేనో తప్ప గంగజాతి చేపలకు అక్కడ పురుడు కష్టం. అందుకే సాగర్‌లో పిల్లలు వదలడానికి, శ్రీశైలంలో తల్లిచేపను కాపాడటానికి మొదటి చోటివ్వాలి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో జలాశయం నిండుగా ఉంటుంది. నిషేధం ముగిసి అందరూ పుట్టెలు దింపుతారు గానీ చేప విశాలంగా చెదిరిపోయి ఉంటుంది. ఎక్కువ వలకు తక్కువ రాబడి వచ్చే కాలమిది. గేట్లు చాలా రోజులు ఎత్తి ఉంచిన ఏడు నష్టం ఇంకా ఎక్కువ. వరదతోపాటు చేప మేత అయిన సూక్ష్మజీవులు, ఒక్కోసారి చేపలు కూడా కిందికి కొట్టుకుపోతాయి. వరద ఆగి బురద తేరుకున్నాక, నది తెచ్చిన సారంతో నీరు ఆకుపచ్చగా మారే వారాలే చేప పెరుగుదలకు కీలకం.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీరు తేటబడుతుంది, చల్లబడుతుంది. తేట నీటిలో పగలు వల కంటబడుతుంది కనుక మత్స్యకారులు సాయంత్రం వల వేసి తెల్లవారుజామున ఎత్తుతారు. గంగజాతి చేపల మేత తగ్గి పెరుగుదల నెమ్మదిస్తుంది. వాలుగ, జెల్లల వంటి వేటచేపలు మాత్రం ఈ కాలంలోనూ రాబడినిస్తాయి. కృష్ణా జలాశయాల్లో మొదటినుంచీ వాటి పాలు పెద్దదే.

మార్చి నుంచి జూన్ దాకా దొరుకుబాటు కాలం. సాగునీటికి, తాగునీటికి, కరెంటుకు వాడే కొద్దీ మట్టం దిగుతుంది, చేప దగ్గరపడుతుంది. మత్స్యకారుడి ఏడాది అప్పులు తీరేది ఈ నాలుగు నెలల్లోనే. మరుసటి ఏడాదికి విత్తనంగా మిగలాల్సిన చేప అంతమయ్యేదీ వీటిలోనే.

నిషేధం దేన్ని కాపాడుతోంది?

తూర్పు తీరంలో సముద్ర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. జలాశయాల్లో సాధారణంగా జులై, ఆగస్టు నెలలు. ఉద్దేశం సరైనదే. అయితే నది ఏటా ఒకే తేదీకి రాదు. 2023 నుంచి 2025 దాకా మూడేళ్లనే చూడండి. 2023లో కృష్ణకు వరద అంతంతమాత్రమే, సాగర్ నిండలేదు. 2024లో ఆగస్టు మొదటి వారంలో సాగర్ గేట్లు ఎత్తారు. 2025లో శ్రీశైలం గేట్లు జులై రెండో వారానికే, సాగర్ గేట్లు జులై ఆఖరుకే లేచాయి. మూడేళ్లూ నిషేధం తేదీలు ఒక్కటే, చేప పురుడు తేదీలు మాత్రం వేరు. వరద ముందే వస్తే నిషేధం సగం దాటేసరికే గుడ్లు పెట్టడం అయిపోతుంది. ఆలస్యమైతే నిషేధం ముగిశాక తల్లిచేప ఏరు ఎక్కుతుంది, అప్పటికి వలలు సిద్ధంగా ఉంటాయి. వరదే రాని ఏడు రెండు నెలలు పస్తులుండి మత్స్యకారుడు కాపాడింది ఏమిటన్నది తేలదు.

దీనికి నిషేధం ఎత్తేయడం పరిష్కారం కాదు. నీటిమట్టానికి ముడిపెట్టాలి. శ్రీశైలం ఒక నిర్ణీత మట్టానికి తగ్గినప్పుడు, ఏ నెలైనా సరే, లోతైన మడుగుల్లో వేట ఆపాలి. కొత్త వరద మొదలైన రోజు నుంచి ఆరు లేక ఎనిమిది వారాల నిషేధం లెక్కించాలి. ఇప్పుడు రెండు డ్యాముల నీటిమట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో రోజూ ప్రకటిస్తూనే ఉన్నారు. రైతుకు నారు పోసుకోవడానికి పనికొచ్చే ఆ అంకెలు వల ఎప్పుడు దించాలో చెప్పడానికీ పనికొస్తాయి.

వల కన్ను

నిషేధం రెండు నెలల మాట, వల కన్ను ఏడాది పొడవునా వర్తించే మాట. శ్రీశైలం వెనుక నీటిలో, కొల్లాపూర్, సోమశిల, ఆత్మకూరు పరిసరాల్లో, ఏళ్ల తరబడి నలుగుతున్న గొడవంతా అలివి వలల గురించే. దోమతెరలాంటి సన్నకన్ను, చాలా పొడవైన వల. పడవతో చుట్టూ వేసి ఒడ్డు నుంచి పదుల మంది లాగుతారు. అందులోంచి ఏదీ తప్పించుకోదు. ప్రభుత్వం వదిలిన వేలెడు పిల్ల, నదిలో పుట్టిన పిల్ల, పరిగెలు అన్నీ ఒడ్డుకొచ్చి ఇసుకలో ఎండి బస్తాల్లో ఎండుచేపలుగా పోతాయి. బాగా మేత దొరికితే ఏడాది తిరిగేసరికి కిలోకు చేరగల బొచ్చెపిల్ల పది గ్రాముల ఎండుచేపగా అమ్ముడుపోవడం కన్నా పెద్ద నష్టం ఈ వ్యాపారంలో ఇంకోటి లేదు.

ఈ వలలు నిషిద్ధం. అధికారులు పట్టుకుని తగలబెట్టిన వార్తలు ఏటా వస్తాయి, మరుసటి ఏడు వలలు మళ్లీ వస్తాయి. లాగేవాళ్లలో చాలామంది కోస్తా జిల్లాల నుంచి కుటుంబాలతో వలస వచ్చి ఒడ్డున గుడిసెలు వేసుకున్నవాళ్లు. వల వాళ్లది కాదు. లక్షలు పెట్టి వల కొని, ముందస్తు అడ్వాన్సులిచ్చి, ఎండుచేపను కట్టగట్టి కొనే పెట్టుబడిదారు ఒడ్డున కనిపించడు. దాడి జరిగినప్పుడు దొరికేది లాగే మనిషి. బస్తాలు ఎక్కే లారీని, వాటిని కొనే గోదామును పట్టుకోనంతకాలం వలను కాల్చడం ఫొటోలకే పనికొస్తుంది.

సన్నకన్నును పూర్తిగా తప్పుపట్టలేం కూడా. ఎప్పటికీ చిన్నగానే ఉండే దేశవాళీ చేపలు జలాశయంలో విస్తారంగా ఉంటాయి. పేదింటి పళ్లెంలో పోషకాహారం అవే. వాటి వేటకు చోటు, నెల నిర్ణయించి, ఒడ్డు నుంచి లాగే వలను మాత్రం నిషేధిస్తే సరిపోతుంది. నిలువు వలకు కన్ను పరిమాణం నిర్ణయించి, దుకాణంలో అమ్మేటప్పుడే తనిఖీ చేయడం నీళ్లలో వెంటాడటం కన్నా తేలిక.

పిల్లల లెక్క

1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గంగజాతి చేపలతో ఇంజెక్షన్ ద్వారా గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. అంతకుముందు చేపపిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవాళ్లు. జాతీయ చేపల రైతుల దినోత్సవాన్ని ఆ రోజున జరుపుకునేది అందుకే. ఆ విజయం లేకపోతే తెలంగాణలో 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీ ఊహకే అందదు. ఆ పథకంలో, ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీరుండే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు వదలాలన్న నియమం ఉంది. ఈ నియమమే పథకానికి వెన్నెముక. వాలుగ, కొరమీను తిరిగే నీటిలో రెండంగుళాల పిల్లను వదిలితే వాటికి మేత వేసినట్టే.

ఆచరణలో రెండు తప్పులు మళ్లీమళ్లీ జరుగుతున్నాయి. మొదటిది సమయం. టెండర్లు ఆలస్యమైతే పిల్లలు అక్టోబరు, నవంబరుల్లో దిగుతాయి. నీరు ఆకుపచ్చగా ఉన్న వారాలు అప్పటికే దాటిపోతాయి. చలి మొదలై ఎదుగుదల తగ్గుతుంది, ఆరు నెలల్లో నీరూ తగ్గుతుంది. రెండోది లెక్క. కోస్తా జిల్లాల హేచరీల నుంచి ఆక్సిజన్ నింపిన సంచుల్లో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పిల్లల్లో ఎన్ని బతికున్నాయో ఒడ్డున లెక్కపెట్టేవాళ్లు తక్కువ. రికార్డులో ఎక్కేది వదిలిన సంఖ్య. బతికిన సంఖ్య ఎక్కడా ఎక్కదు. జలాశయం ఒడ్డునే నర్సరీ కుంటలు తవ్వి, చిన్న పిల్లను అక్కడే నాలుగంగుళాలకు పెంచి, వరద తేరుకోగానే వదిలే పద్ధతి రెండు తప్పుల్నీ ఒకేసారి సరిచేస్తుంది. ఆ కుంటల పని మత్స్యకారుల సొసైటీకే అప్పగిస్తే నిషేధపు రోజుల్లో కూలీ కూడా దొరుకుతుంది.

ఏ జాతిని వదులుతున్నామన్నదీ అంతే ముఖ్యం. హిమాచల్‌లోని గోవింద్‌సాగర్‌లోకి 1971లో వరదకు ఓ ఫారం నుంచి కొట్టుకొచ్చిన వెండిచేప (సిల్వర్ కార్ప్) కొన్నేళ్లకు అక్కడి రాబడిలో సింహభాగం అయింది. దిగుబడి పెరిగింది గానీ పాత జాతుల చోటు తగ్గింది. మన దగ్గర ఒకసారి దిగిన తిలాపియాను ఇక ఏరివేయలేం. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం నిషిద్ధం. అక్వేరియాల నుంచి తప్పించుకున్న సక్కర్ ఫిష్ ఆంధ్ర జలాల్లో వలల్ని చింపుతూ మత్స్యకారుల్ని వేధిస్తోంది. జలాశయానికి ఏ కొత్త జాతి వచ్చినా అది అక్కడే ఆగదు; నది వెంట కిందికి దిగుతుంది.

ఎవరి నీరు, ఎవరి చట్టం

నీటిలో మందుగుండు పేల్చడం, విషం కలపడం నేరమని చెప్పే భారత మత్స్య చట్టం 1897 నాటిది. దాని మూల పాఠంలో శిక్ష గరిష్ఠంగా రెండు నెలల జైలు లేదా 200 రూపాయల జరిమానా. ఇప్పుడు ఆ డబ్బుకు కిలో చేప రావడమే కష్టం. లైసెన్సు, సొసైటీ సభ్యత్వం, వేట విరామం అన్నీ రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. ఊరి చెరువు సొసైటీకి లీజు. పెద్ద జలాశయంలో మనిషికో లైసెన్సు. చెరువులో సొసైటీకి తనదన్న పట్టింపు ఉంటుంది. లైసెన్సు జలాశయంలో నేను వదిలేసింది పక్కవాడు పట్టుకుంటాడన్న భయమే నడుస్తుంది. సభ్యత్వం ఎవరికి దక్కాలన్నదాని మీద గంగపుత్ర, ముదిరాజ్ వర్గాల మధ్య నడుస్తున్న వివాదం ఈ భయానికి మరో రూపం.

2014 తర్వాత రెండు జలాశయాలూ రెండు రాష్ట్రాల మధ్యకొచ్చాయి. ఎడమగట్టు తెలంగాణ, కుడిగట్టు ఆంధ్రప్రదేశ్. చేపకు ఈ గట్టూ ఆ గట్టూ తెలియదు. ఒకవైపు అధికారి పడవ కనిపిస్తే అలివి వల రెండోవైపుకు తేలిపోతుంది. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు చూసేది నీరు, కరెంటు. వాటి బేరంలో చేపల మాట ఎత్తేవాళ్లు లేరు. శ్రీశైలం ఎడమగట్టు, సాగర్ విద్యుత్ కేంద్రాల్లో నీటిని తిరిగి వెనక్కి తోడగల యంత్రాలున్నాయి. వాటి వల్ల మట్టం రోజులోనే ఎక్కి దిగితే ఒడ్డున గడ్డిలో అతికిన బంగారుతీగ గుడ్లు ఎండిపోగలవు. దీన్ని పరిగణించాల్సిన ఫైలు ఏ శాఖది?

అటవీ శాఖ మూడో హక్కుదారు. జలాశయాల ఒడ్డులో పెద్ద భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యానికి, నల్లమలకు ఆనుకుని ఉంది. మొసళ్లు, నీటికుక్కలు అక్కడి చేప మీదే బతుకుతాయి. వన్యప్రాణి చట్టం ప్రకారం అడవిలోపలి నీటిలో వేటకు ఆంక్షలు ఉంటాయి. ఆ ఒడ్డున తరతరాలుగా చేప పట్టుకుంటున్న చెంచులకు మత్స్యశాఖ లైసెన్సు ఒక్కటే చాలదు. మనుషులు దిగని అడవిపక్క మడుగులు చేపలకు సహజమైన ఆశ్రయాలు కూడా. వాటిని అధికారికంగా వేటలేని మడుగులుగా గుర్తించి, చెంచులకు నిర్ణీత హక్కు, కాపలా జీతం రెండూ ఇస్తే అడవికీ చేపకూ మేలు.

ఒడ్డున ధర

నిబంధన పాటించే స్తోమత మత్స్యకారుడికి ఉందా అన్న ప్రశ్న వేయకుండా నిబంధనల గురించి మాట్లాడటం దండగ. వల, పుట్టి, మోటారు కోసం దళారి దగ్గర అప్పు తీసుకున్నవాడు చేపను అతనికే, అతను చెప్పిన రేటుకే ఇవ్వాలి. ఒడ్డున ఐసు లేదు కాబట్టి పట్టిన చేపను ఆపుకోలేడు. వంద గ్రాముల చేపను నీటికి వదిలేయమని చెప్పడం సులభం. ఆ సాయంత్రం వడ్డీ కట్టాల్సినవాడికి అది కుదిరేపని కాదు. సముద్ర నిషేధకాలానికి ఆంధ్రప్రదేశ్ 2025లో కుటుంబానికి 20,000 రూపాయల సాయం ఇచ్చింది. జలాశయం లైసెన్సుదారుకూ నిషేధపు భృతి కచ్చితంగా అందే ఏర్పాటుంటేనే నిషేధాన్ని గట్టిగా అడిగే నైతిక హక్కు ప్రభుత్వానికి వస్తుంది.

పట్టిన చేప లెక్క కూడా ఒడ్డునే మొదలవ్వాలి. కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ 1971లో చేపట్టిన అఖిల భారత జలాశయ పరిశోధనలో నాగార్జునసాగర్ కూడా ఉంది. ఒక తరం శాస్త్రజ్ఞులు ఇక్కడి నీటి గుణం, చేప జాతులు నమోదు చేశారు. ఆ ఒరవడి రోజువారీ లెక్కగా కొనసాగలేదు. ఏ రేవులో ఏ నెలలో ఏ జాతి ఎన్ని కిలోలు దిగిందో తెలియకపోతే నిషేధం ఫలించిందా, పిల్లలు బతికాయా, వలకన్ను పెంచాలా తగ్గించాలా అన్నవన్నీ ఊహలే.

ఏది ముందు

పంజరాల్లో చేపలు పెంచే కేజ్ కల్చర్‌ను కొత్త దారిగా చాలామంది చూపిస్తున్నారు. ఝార్ఖండ్‌లోని చాండిల్ జలాశయంలో అది ఆదాయం చూపింది. తాగునీరిచ్చే కృష్ణా జలాశయాల్లో మేత, మలినం పరిమితులు తేల్చకుండా విస్తరించడం తొందరపాటు. పైగా పంజరం పెట్టుబడి ఉన్నవాడిది, పుట్టి లేనివాడిది. మొదటిది రెండోదాని చోటు తినకుండా చూడాలి.

చేయాల్సినవాటిని వరుసగా పెడితే మొదటిది ఒడ్డున తూకం. రేవుకో మనిషి, ఓ పుస్తకం, జాతివారీ కిలోల లెక్క. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఖర్చూ స్వల్పమే. రెండోది రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు కలిసి శ్రీశైలానికి, సాగర్‌కు వేర్వేరుగా నీటిమట్టం ఆధారిత విరామం ప్రకటించడం. మూడోది లాగే మనిషిని వదిలి ఎండుచేపల గోదామును పట్టుకోవడం. నాలుగోది ఒడ్డు నర్సరీలు. నిషేధపు భృతి ఈ నాలుగింటితోనూ కలిసి నడవాలి. వరుస మారిస్తే పాత కథే పునరావృతమవుతుంది. లెక్కలేని చోట నిషేధం ఆచారంగా మిగులుతుంది, పిల్లల పంపిణీ ప్రారంభోత్సవంగా మిగులుతుంది. తూకం ఉన్నచోట మూడేళ్లు తిరిగేసరికి ఏ నిబంధన పనిచేస్తోందో, దేన్ని మార్చుకోవాలో మత్స్యకారుడే అధికారికి చెప్పగలుగుతాడు.